లైన్ ఎందుకు దొరకదో లెక్క కట్టిన మాస్టారు: ఎర్లాంగ్ జీవితం

ఆఫీసులో ఫోన్ వ్యవస్థ మొరాయిస్తే మనం ముందు తిట్టేది యంత్రాన్నే. కస్టమర్లకు ఎప్పుడు చేసినా ఎంగేజ్ వస్తోందని కంప్లయింట్ రాగానే మెకానిక్‌ను పిలుస్తాం. ఆయన వచ్చి ఈపీఏబీఎక్స్ బాక్సు విప్పి చూస్తాడు, వైర్లు లాగి చూస్తాడు, ఒకటి రెండు సెట్లు మారుస్తాడు. బిల్లు కట్టేస్తాం. మర్నాడు పదకొండు గంటలకు మళ్లీ అదే ఎంగేజ్. ఎందుకంటే చాలాసార్లు యంత్రంలో లోపమే ఉండదు. వచ్చే కాల్స్‌కు ఉన్న లైన్లు చాలవు, అంతే. రంజాన్ పండగనాడు నమాజ్ అయిపోగానే ఊరంతా ఒకేసారి ఫోన్లు అందుకుంటే ఏమవుతుందో మనకు తెలుసు. ఏ టవరూ పాడవలేదు, అయినా కాల్ కలవదు.

మరి ఎన్ని లైన్లు ఉంటే చాలు? తక్కువ పెడితే కస్టమర్ పోతాడు. ఎక్కువ పెడితే డబ్బు వృథా. ఈ ప్రశ్నకు అంచనాతో కాకుండా లెక్కతో జవాబు చెప్పిన మొదటి మనిషి డెన్మార్క్‌కు చెందిన అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్. ఆయన పోయి తొంభై ఏళ్లు దాటింది. అయినా ఈ రోజుకీ ప్రపంచంలో ఏ టెలికాం ఇంజనీరైనా ఫోన్ రద్దీని కొలిచేది ఆయన పేరుతోనే. బరువుకు కిలో ఎలాగో, ఫోన్ రద్దీకి ఎర్లాంగ్ అలాగ.

బడిపంతులు కొడుకు

ఎర్లాంగ్ 1878 జనవరి 1న డెన్మార్క్‌లోని జట్లాండ్ ప్రాంతంలో, టార్మ్ దగ్గర లోన్‌బోర్గ్ అనే పల్లెటూళ్లో పుట్టారు. తండ్రి హాన్స్ నీల్సన్ ఎర్లాంగ్ ఆ ఊరి బడిపంతులు. తల్లి మాగ్దలీన్‌ది చదువుకున్న కుటుంబం. ఆమె పూర్వీకుల్లో థామస్ ఫింకే అనే గణితవేత్త ఉన్నారు. మన పిల్లలు పదో తరగతి త్రికోణమితిలో చదివే టాంజెంట్, సీకెంట్ అనే పేర్లు పెట్టింది ఆ ఫింకేనే. ఎర్లాంగ్‌కు ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్లు.

చిన్నప్పటి సంగతి ఒకటి ఆయన గురించి తరచూ చెప్పుకుంటారు. సాయంత్రం పూట అన్న ఫ్రెడరిక్ పుస్తకం ముందు పెట్టుకుని చదువుకుంటుంటే, ఎర్లాంగ్ ఎదురుగా కూర్చుని అదే పుస్తకాన్ని తలకిందులుగా చదివేవారట. పుస్తకం ఒకటే, చదివేవాళ్లు ఇద్దరు. ఒకే వస్తువును ఇద్దరు ఒకేసారి ఎలా వాడుకోవాలన్నది ఆ పిల్లాడి ముందుకు అప్పుడే వచ్చిందన్నమాట.

పద్నాలుగేళ్లకు కోపెన్‌హాగన్ వెళ్లి పరీక్ష రాశారు. ఆ పరీక్షకు వయసు చాలదు. ప్రత్యేక అనుమతి తీసుకుని రాసి, మంచి మార్కులతో పాసయ్యారు. తిరిగి ఊరికొచ్చి తండ్రి బడిలోనే రెండేళ్లు పాఠాలు చెప్పారు. ఆ రెండేళ్లలోనే ఫ్రెంచ్, లాటిన్ నేర్చుకున్నారు. ఖాళీ దొరికితే నక్షత్రాల మీద ధ్యాస. ఖగోళ విషయాల మీద కవితలు కూడా రాసేవారు.

1896లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. ఇంటి నుంచి పంపడానికి పెద్దగా డబ్బు లేదు, స్కాలర్‌షిప్ మీదే చదివారు. 1901లో గణితం ప్రధానంగా, ఖగోళం, భౌతిక, రసాయన శాస్త్రాలు తోడుగా డిగ్రీ పూర్తి చేశారు. ఆ తర్వాత ఏడేళ్లు వేర్వేరు బడుల్లో మాస్టారుగా పనిచేశారు. పాఠాలు చెబుతూనే సొంతంగా చదువు సాగించారు. హైగెన్స్ అనే పాత శాస్త్రవేత్త గణితం మీద రాసిన వ్యాసానికి 1904లో విశ్వవిద్యాలయం గుర్తింపు కూడా దక్కింది.

ఆయన అక్కడే ఆగిపోతే మంచి లెక్కల మాస్టారుగా ఒక ఊరికి గుర్తుండిపోయేవారు. దారి మళ్లించింది ఒక పరిచయం.

బడి నుంచి టెలిఫోన్ కంపెనీకి

డెన్మార్క్ గణిత సంఘం సమావేశాలకు ఎర్లాంగ్ క్రమం తప్పకుండా వెళ్లేవారు. అక్కడ యోహాన్ జెన్సెన్ అనే ఆయనతో స్నేహం కుదిరింది. గణితం చదివినవాళ్లకు జెన్సెన్ అసమానత అనే పేరు తెలిసే ఉంటుంది, ఆ జెన్సెనే ఈయన. వృత్తి రీత్యా ఆయన కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో ఇంజనీరు, గణితం ఇష్టంతో చేసుకునే పని. ఆయనే ఎర్లాంగ్‌ను కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ ఫ్రిట్జ్ యోహాన్సెన్‌కు పరిచయం చేశారు.

యోహాన్సెన్ మామూలు మేనేజరు కాదు. లైన్ల రద్దీకి, సంభావ్యత గణితానికి సంబంధం ఉందని ఆయన అప్పటికే పసిగట్టారు. కానీ ఆ లెక్కను చివరిదాకా తీసుకెళ్లడానికి అందులో ఆరితేరినవాడు కావాలి. 1908లో ఎర్లాంగ్‌ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. అప్పటికి ఎర్లాంగ్‌కు ముప్పై ఏళ్లు. కొద్ది రోజుల్లోనే కంపెనీ ప్రయోగశాలకు ఆయనే అధిపతి అయ్యారు. శుద్ధ గణితం చదివినవాడు ఫోన్ కంపెనీలో చేరడం ఆ రోజుల్లో వింతే. లెక్కల పండితుడికి కంపెనీలో ఏం పని అనుకునే కాలం అది.

నిచ్చెనతో మ్యాన్‌హోల్‌లోకి

అధిపతి అన్న పేరే గానీ ప్రయోగశాలలో మొదట ఆయన కింద సిబ్బంది లేరు. కొలతలన్నీ ఆయనే వెళ్లి తీసుకోవాలి. కోపెన్‌హాగన్ వీధుల్లో నిచ్చెన మోసే ఒక కూలీని వెంటబెట్టుకుని నడిచే ఎర్లాంగ్ జనానికి అలవాటైన దృశ్యం. మ్యాన్‌హోల్ మూత తీయించి, నిచ్చెన దించి, తనే లోపలికి దిగేవారు.

అక్కడ ఆయన వెతికేది దారి తప్పిన కరెంటును. కరెంటు ట్రాములు నడిచే ఊళ్లలో పట్టాల గుండా తిరిగి వెళ్లాల్సిన కరెంటులో కొంత మట్టిలోకి జారుతుంది. మట్టి కంటే సులువైన దారిగా టెలిఫోన్ కేబుల్‌కు చుట్టూ ఉండే సీసపు తొడుగును పట్టుకుంటుంది. ఎక్కడైతే అది తొడుగు వదిలి మళ్లీ మట్టిలోకి దిగుతుందో అక్కడ సీసాన్ని తినేస్తుంది. చిల్లు పడుతుంది, తడి లోపలికి వెళుతుంది, లోపల వైర్లకు చుట్టిన కాగితం నానిపోతుంది. పైన ఆఫీసులో కూర్చున్న వినియోగదారుడికి వినిపించేది గరగర శబ్దం, లేదా చచ్చిపోయిన లైన్. ఆయన తన ఫోన్ సెట్ పాడైందనుకుంటాడు. జబ్బు మాత్రం వీధి అవతల, భూమి కింద ఉంటుంది.

ఇలా కొలిచి కొలిచి, ఫోన్ లైన్ల మీద ఏసీ కరెంటును కొలవడానికి ఒక కొత్త పరికరాన్ని కూడా ఎర్లాంగ్ తయారుచేశారు. లోపం ఎక్కడ కనిపిస్తుందో అక్కడే పుట్టి ఉండక్కర్లేదు, కొలిచి చూస్తే తప్ప తెలియదు. ఎంగేజ్ సమస్య దగ్గరకు వచ్చినప్పుడు కూడా ఆయన చేసింది ఇదే.

ఎవరి తప్పు?

అప్పటి ఎక్స్ఛేంజ్ ఎలా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. ఇప్పటిలా నంబర్ నొక్కితే కలిసేది కాదు. ఫోన్ ఎత్తితే ఎక్స్ఛేంజ్‌లో కూర్చున్న అమ్మాయి పలికేది. ఎవరు కావాలో అడిగి, బోర్డు మీద ఒక రంధ్రంలోంచి ఇంకో రంధ్రంలోకి తాడులాంటి వైరు గుచ్చి కలిపేది. ఆ అమ్మాయి ఇంకో కాల్ కలిపే పనిలో ఉంటే మనం ఆగాలి. రెండు ఎక్స్ఛేంజ్‌ల మధ్య లైన్లన్నీ నిండిపోతే కాల్ పోయినట్టే.

ఆలస్యమైతే తిట్లు ఆ అమ్మాయికే. అమ్మాయి చురుగ్గా లేదని ఒకరు, బోర్డు పాతదైపోయిందని ఇంకొకరు. కంపెనీకి మాత్రం రెండు ఖర్చులు కళ్లముందు కనబడేవి. మనిషిని పెంచితే జీతం, లైన్ పెంచితే రాగి. ఎంత పెంచితే ఎంత ఫలితం వస్తుందో ఎవరికీ తెలియదు.

ఎర్లాంగ్ మనుషులనూ తప్పుపట్టలేదు, యంత్రాలనూ తప్పుపట్టలేదు. కాల్స్ వచ్చే తీరును చూశారు. ఫోన్ చేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని వరుసగా చేయరు కదా. ఒక నిమిషం ఒక్కటీ రాదు, మరు నిమిషం ఐదు వస్తాయి. సగటు చూస్తే నిమిషానికి రెండే ఉండొచ్చు. కానీ సగటు చూసి ఏర్పాటు చేస్తే ఆ ఐదు వచ్చిన నిమిషం అంతా తారుమారవుతుంది. చూడ్డానికి పద్ధతి లేనట్టున్న ఈ రాకలో ఒక పద్ధతి ఉందని, అది పాయిసాన్ అనే ఫ్రెంచ్ గణితవేత్త పేరుతో ఉన్న సూత్రాన్ని అనుసరిస్తుందని 1909లో అచ్చయిన వ్యాసంలో ఎర్లాంగ్ చూపించారు. క్యూల శాస్త్రం అని ఇవాళ పిలుచుకునే దానికి అదే పునాది రాయి.

1917 నాటి సూత్రం

అసలు పెద్ద పని 1917లో బయటికొచ్చింది. అప్పటికి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్‌లు వస్తున్నాయి. అమ్మాయి అయితే కాసేపు ఆగమని చెబుతుంది, యంత్రం అలా కాదు. లైన్ లేకపోతే కాల్ పోతుంది. కాబట్టి నూటికి ఎన్ని కాల్స్ పోతాయో ముందే తెలియాలి. ఎర్లాంగ్ రెండు సూత్రాలు ఇచ్చారు. ఒకటి, లైన్ దొరక్కపోతే కాల్ పోయే వ్యవస్థకు. రెండోది, లైన్ దొరికేదాకా వరుసలో ఆగే వ్యవస్థకు. వీటినే ఇప్పుడు ఎర్లాంగ్ బి, ఎర్లాంగ్ సి అంటున్నారు.

మొదటిదాన్ని ఒక చిన్న ఆఫీసు లెక్కతో చూద్దాం. బాగా రద్దీగా ఉండే గంటలో 60 కాల్స్ వస్తున్నాయి. ఒక్కో కాల్ సగటున 3 నిమిషాలు. మొత్తం 180 నిమిషాల మాట. గంటకు 60 నిమిషాలు కాబట్టి ఇది 3 లైన్లు ఊపిరి తిప్పుకోకుండా పనిచేస్తే పట్టే పని. దీన్నే 3 ఎర్లాంగ్‌ల రద్దీ అంటారు.

మామూలు లెక్క వచ్చిన యజమాని 3 లైన్లు పెట్టిస్తాడు. ఎర్లాంగ్ సూత్రం ప్రకారం అలా చేస్తే నూటికి దాదాపు 35 కాల్స్‌కు ఎంగేజ్ వస్తుంది. 5 లైన్లు పెడితే పోయేవి నూటికి 11. 6 పెడితే 5. 7 పెడితే 2. 8 పెడితే ఒకటి కంటే తక్కువే. మూడుకు బదులు ఏడు లైన్లా అని ఆశ్చర్యం వేస్తుంది. కానీ కాల్స్ వరుసగా రావు, గుంపుగా వస్తాయి. ఆ గుంపును తట్టుకోవడానికే మిగతా లైన్లు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఒకే ఆఫీసులో సేల్స్‌కు, సర్వీసుకు వేర్వేరు లైన్లు ఉన్నాయనుకుందాం. ఒక్కోదానికి 3 ఎర్లాంగ్‌ల రద్దీ, 7 లైన్లు. మొత్తం 14. అయినా రెండు చోట్లా నూటికి 2 కాల్స్ పోతున్నాయి. ఇప్పుడు రెంటినీ కలిపి లైన్లన్నీ ఒకే గుంపుగా చేస్తే 12 లైన్లకే పోయే కాల్స్ నూటికి ఒకటి దగ్గరకు దిగుతాయి. రెండు లైన్ల అద్దె మిగిలింది, సేవ కూడా మెరుగైంది. విడివిడిగా ఉన్నప్పుడు ఒకవైపు లైన్ ఖాళీగా ఉన్నా రెండోవైపు కస్టమర్‌కు ఎంగేజ్ వచ్చేది, కలిపాక ఆ బాధ పోయింది.

సూత్రానికి షరతులు కూడా ఉన్నాయి. ఎంగేజ్ వచ్చినవాడు ఊరుకుని వెళ్లిపోతాడన్నది మొదటి సూత్రం వెనకున్న ఊహ. నిజానికి మనం వెంటనే మళ్లీ నొక్కుతాం. పది మంది పదిసార్లు నొక్కితే రద్దీ ఇంకా పెరుగుతుంది. అందుకే లైన్లు బాగా తక్కువగా ఉన్నచోట అసలు బాధ లెక్క చెప్పిన దానికంటే ఎక్కువే ఉంటుంది.

డబ్బు లెక్క కూడా ఆయన వదల్లేదు. లైన్లకు ఖర్చు పెట్టేటప్పుడు ఎక్కడ ఒక లైన్ అదనంగా వేస్తే పెట్టిన ఖర్చుకు ఎక్కువ కాల్స్ దక్కుతాయో అక్కడే వేయాలని కంపెనీలో సహోద్యోగి మో ఒక పద్ధతి ఆలోచించారు. 1920లలో ఎర్లాంగ్ దానికి గణిత రూపం ఇచ్చారు. కామర్స్ చదివినవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే. చివర పెట్టిన రూపాయికి ఎంత వచ్చిందన్నదే అక్కడ చూసేది.

గుట్టుగా ఇచ్చే చేయి

మనిషి మాత్రం చాలా నెమ్మది. ఆర్భాటం తెలియదు. పెళ్లి చేసుకోలేదు. సాయంత్రాలు, సెలవులు పుస్తకాలతోనే గడిచేవి. గణితం, ఖగోళం, భౌతికశాస్త్రం మీద ఆయన సొంతంగా కూడబెట్టిన గ్రంథాలయం పెద్దది. వ్యాసాలు కూడా ఆయన మాటల్లాగే క్లుప్తం. కొన్నిచోట్ల రుజువు కూడా రాయకుండా ఫలితం మాత్రమే చెప్పి ముందుకెళ్లేవారు. చదివేవాళ్లే కష్టపడి అందుకోవాలి.

కష్టంలో ఉన్నవాళ్లు సాయం కోసం ప్రయోగశాలకే వచ్చేవారు. ఆయన వాళ్లను ఉత్త చేతులతో పంపేవారు కాదు. ఇచ్చింది నలుగురికీ కనబడకుండా, తీసుకునేవాళ్లు చిన్నబుచ్చుకోకుండా ఇచ్చేవారని ఆయనతో పనిచేసినవాళ్లు గుర్తుపెట్టుకున్నారు.

దాదాపు ఇరవై ఏళ్లు కంపెనీలో పనిచేశారు. అనారోగ్యమని సెలవు పెట్టిన రోజు లేదంటారు. అలాంటి మనిషి 1929 జనవరిలో జబ్బుపడ్డారు. కడుపుకు ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరి, 1929 ఫిబ్రవరి 3న కన్నుమూశారు. వయసు 51 ఏళ్లే.

పేరు కొలమానమైంది

బతికుండగానే ఆయన పని దేశం దాటింది. 1917 వ్యాసం ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్ భాషల్లోకి వెళ్లింది. బ్రిటిష్ పోస్టాఫీసు తన ఎక్స్ఛేంజ్‌ల లెక్కకు ఆయన సూత్రాన్నే తీసుకుంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు ఒకరు ఆయన వ్యాసాలను మూలంలో చదవడానికి డానిష్ భాష నేర్చుకున్నారట. ఆయన పోయిన పదిహేడేళ్లకు, 1946లో, ఫోన్ రద్దీ కొలమానానికి ఎర్లాంగ్ అని అంతర్జాతీయంగా పేరు పెట్టారు. 1948లో ఆయన పనిచేసిన కంపెనీయే ఆయన జీవితాన్ని, వ్యాసాలను పుస్తకంగా తెచ్చింది.

1986 ప్రాంతంలో స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్ కంపెనీ ఇంజనీర్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌ల కోసం ఒక కంప్యూటర్ భాష తయారుచేసి దానికీ ఎర్లాంగ్ అనే పేరే పెట్టారు. మన ఇళ్లలో అందరి ఫోన్లలో ఉన్న వాట్సాప్ సర్వర్లు ఆ భాషలో రాసినవే. 2014లో ఫేస్‌బుక్ కొనే నాటికి వాట్సాప్ వాడేవాళ్లు 45 కోట్లు, దాన్ని నడిపే ఇంజనీర్లు ముప్పై చిల్లర మంది. పండగ ముబారక్ సందేశాలు కోట్లలో ఒకేసారి వెళ్లినా అది తట్టుకోవడంలో ఆ భాష పాత్ర చాలా ఉంది.

మన దేశంలోనూ ఆ లెక్కే నడుస్తోంది. రెండు మొబైల్ కంపెనీల నెట్‌వర్క్‌లు కలిసే చోట వెయ్యికి ఐదు కాల్స్ కంటే ఎక్కువ పోకూడదన్న ట్రాయ్ ప్రమాణం మీద 2016లో పెద్ద గొడవే జరిగింది. అక్కడ చర్చంతా ఎన్ని లైన్లు ఇవ్వాలన్న దాని గురించే. హైదరాబాద్ కాల్ సెంటర్లలో పని చేసే మన పిల్లలకు ఏ గంటకు ఎంతమంది కూర్చోవాలో నిర్ణయించే షిఫ్టు చార్టు వెనక ఉండేది ఎర్లాంగ్ రెండో సూత్రమే. ఆస్పత్రిలో ఎన్ని పడకలు ఉండాలన్న దానికి కూడా అదే గణితం పనికొస్తుంది. అక్కడ ఎంగేజ్ అంటే వెనక్కి పంపిన రోగి.

చిన్న వ్యాపారం, క్లినిక్, ట్రావెల్స్ ఆఫీసు, స్కూలు నడిపేవాళ్లకు ఈయన జీవితం నుంచి అందే పద్ధతి సులువైనదే. ఫోన్ దొరకడం లేదని మాట వచ్చినప్పుడు ముందు ఒక వారం కొలవాలి. రోజంతా కాదు, బాగా రద్దీగా ఉండే గంట ఏదో పట్టుకోవాలి. ఆ గంటలో వచ్చిన కాల్స్‌ను ఒక్కో కాల్ పట్టే నిమిషాలతో గుణించి 60తో భాగించాలి. వచ్చిన అంకెను ఉన్న లైన్లతో పోల్చాలి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే మెకానిక్ చేయగలిగింది ఏమీ లేదు, లైన్లు పెంచాలి, లేదా విడివిడిగా ఉన్నవాటిని కలపాలి. లైన్లు పుష్కలంగా ఉన్నా కాల్ కలవకపోతే అప్పుడు బాక్సు విప్పించాలి, వైరు చూపించాలి. గరగర వినిపిస్తే వీధిలోని కేబుల్ దాకా వెళ్లాలి. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయిని కోప్పడటం మాత్రం ఈ లెక్కలో ఎక్కడా రాదు.